హనుమయ్యగారి సాక్ష్యం

శ్రమల కాలం అంటే మా సంఘంలో శ్రమ ఆడవాళ్ళది, కాలం మగవాళ్ళది. భస్మ బుధవారం మొదలు ఈస్టర్ దాకా, సాయంత్రం ఏడయ్యేసరికి ఎవరో ఒకరింట్లో గృహకూటం ఉంటుంది. పాట, ప్రార్థన, వాక్యం, సాక్ష్యాలు, చివర్న ఫలహారం. మా కూటానికీ రాష్ట్రాన్ని ఏలుతున్న కూటమికీ ఒక్కటే పోలిక. రెండు చోట్లా కుర్చీలు చాలవు, సర్దుకుని కూర్చోవాలి.

మా నాన్నగారి రోజుల్లో కూటం అయ్యాక టీ ఇచ్చేవాళ్ళు. తర్వాత ఒకావిడ టీతో బిస్కెట్టు పెట్టింది. పక్కింటావిడ ఊరుకుంటుందా, ఉప్మా పెట్టింది. ఎదురింటావిడ ఉప్మా మీద బజ్జీ వేసింది. అలా పెరిగి పెరిగి పోయినేడాదికి చికెన్ బిర్యానీ దగ్గర తేలాం. ఉపవాసం కాస్తా ఉప్మావాసమై, చివరికి సువాసనగా స్థిరపడింది. నిజంగా ఉపవాసం చేసేది మా అయ్యగారొక్కరే. ఫాస్టింగ్ ఉండేవాణ్ణే పాస్టరంటారని నేను పెద్దగా అంటే, ఆయన చిన్నగా నవ్వి ఊరుకుంటారు. కుర్రాయన, మా సంఘానికొచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. ఇంకా నా జోకులకు అలవాటు పడలేదు.

ఫలహారం సంగతి అలా ఉంటే, సాక్ష్యాల సంగతి ఇంకోలా ఉంటుంది. దేవుడు మనకు చేసిన మేలు నలుగురి ముందూ చెప్పడాన్ని సాక్ష్యం అంటారు. మంచి ఆచారమే. కానీ మైకు చేతికొచ్చేసరికి మా వాళ్ళకు మేలు అంటే మేడ గుర్తొస్తుంది. "దేవుడు మాకు రెండో అంతస్తు స్లాబు వేశాడండీ, స్తోత్రం." "మా వాడికి కంప్యూటర్స్‌లోనే సీటిచ్చాడండీ, స్తోత్రం." అందరం చప్పట్లు కొడతాం. ఆ చప్పట్లలో, పోయినసారి మనం చెప్పినప్పుడు ఇంత గట్టిగా కొట్టారా లేదా అన్న లెక్క కూడా కలిసి ఉంటుంది.

నా పేరు జయంత్. ఆటోనగర్‌లో లారీలకు కమాను పట్టీలు వేస్తాం. సుత్తి మోతను మించి అరిస్తేగాని మా షెడ్డులో మాట వినపడదు. అంచేత ఇంట్లోనూ గుళ్ళోనూ నాదదే వాల్యూమ్. "దేవుడికి చెవుడు లేదండీ, కాస్త మెల్లగా ప్రార్థన చేసుకోండి" అంటుంది మా ఆవిడ. ఆవిడ పేరు దీవెన. ఇంట్లో ఒక దీవెనను తట్టుకోవడమే కష్టంగా ఉంది, ఇంకా దీవెనలు కావాలని నేనెప్పుడూ అడగలేదు. ఈ మాట ఆవిడ లేనప్పుడు మాత్రమే అంటాను.

నేను చెప్పబోయేది పోయిన శ్రమల కాలం సంగతి. బుడమేరు వరద బెజవాడలోకొచ్చి వెళ్ళిన తర్వాత వచ్చిన మార్చి, ఏప్రిల్ నెలలు. స్త్రీల సమాజానికి దీవెన సెక్రటరీ కాబట్టి ఏ రోజు ఎవరింట్లో కూటమో తేల్చేది ఆవిడే. ఈస్టర్‌కి వారం ముందు మట్టల ఆదివారం, దానికి ముందొచ్చే శుక్రవారం కూటమంటే మా దగ్గర పెద్ద గౌరవం. ఆ శుక్రవారం మేము పెట్టుకున్నాం. పటమటలో కొత్త ఫ్లాట్‌లోకి దిగి అప్పటికి రెండు నెలలే అయింది. కర్టెన్లు, కొత్త సోఫా, బాల్కనీలోంచి కనపడే కొండ, వీటన్నిటికీ కలిపి దీవెన ఒక సాక్ష్యం తయారుచేసుకుంది. వంటింట్లో రిహార్సల్ చేస్తుంటే నేను విన్నాను. కళ్ళనీళ్ళు ఏ వాక్యం దగ్గర రావాలో కూడా కుదిరింది.

ఒకరోజు పొద్దున్నే దీవెన చపాతీ పిండి కలుపుతుంటే ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టమంది. సీతారావమ్మ అత్తయ్యగారు. దీవెనకి స్వయానా పిన్ని. సింగ్‌నగర్‌లో ఉంటారు.

"దీవెనా, ఈసారి మా ఇంట్లో ఒక్క కూటం పెట్టిస్తావామ్మా?"

దీవెన పిండి పిసకడం ఆపింది. "చూద్దాం పిన్నీ. ఇళ్ళన్నీ అయిపోయినట్టున్నాయి."

"పోనీ కూటం లేకపోయినా ఫర్లేదు. బాబాయికి సంస్కారం ఇప్పించమ్మా చాలు. ఆదివారం పొద్దున ఫోన్‌లో మన గుడి ఆరాధన పెడతానా, రొట్టె పంచే వేళకి ఎడంచెయ్యి చాపుతున్నాడే. ఎవరన్నా ఏదన్నా పెడతారేమోనని అలా చాపే ఉంచుతాడు. కాసేపయ్యాక ఖాళీ చెయ్యి చూసుకుని దించేసుకుంటాడు. నేను చూళ్ళేకపోతున్నాను."

"అడుగుతాను పిన్నీ" అంది దీవెన. ఫోన్ పెట్టేశాక పిండి చాలాసేపు పిసికింది. ఆ పూట చపాతీలు దూదిలా వచ్చాయి.

దీవెన బాబాయి అంటే నాకు హనుమయ్య మావయ్య. ఆయన గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. దీవెన వాళ్ళది చల్లపల్లి. వాళ్ళ నాన్న చిన్నప్పుడే పోతే, పిల్లలు లేని ఈ పిన్నీ బాబాయీ పెంచారు. ఆయన లారీ డ్రైవరు. చల్లపల్లి నుంచి మినుములు, ధాన్యం బెజవాడ తోలేవాడు. మా పెళ్ళిలో దీవెనను గుమ్మం దగ్గర్నుంచి నడిపించుకొచ్చి నా చేతిలో చెయ్యి పెట్టింది ఆయనే. గేరు రాడ్డు పట్టుకున్నంత గట్టిగా నా చెయ్యి పట్టుకుని, "జాగ్రత్తగా తోలు" అన్నాడు.

అప్పటికి మూడేళ్ళ కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాటా పోయింది. పోయిన మాటల్లో ఒక్కటి మాత్రం మిగిలింది. ఏ మాట మిగలాలో మనిషి ఎంచుకోలేడని డాక్టరుగారు చెప్పారు. తెలివంతా ఉంటుంది, చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, నోరు తెరిస్తే మాత్రం ఆ ఒక్కటే వస్తుంది. కొందరికి అమ్మ అని వస్తుందట, కొందరికి అంకెలు వస్తాయట. ముప్పయ్యేళ్ళు హైవే మీద లారీ తోలిన మనిషికి ఏది మిగిలిందో వేరే చెప్పాలా?

"నీయమ్మ."

మంచినీళ్ళు కావాలన్నా అదే. ఎవరొచ్చారని అడగాలన్నా అదే.

ఆయన ఆస్పత్రి నుంచి వచ్చిన ఏడాది శ్రమల కాలంలో వాళ్ళింట్లో కూటం పెట్టాం. అప్పుడున్న పాత అయ్యగారు ఆయన తల మీద చెయ్యి పెట్టి, గొంతు బొంగురుపోయేలా ప్రార్థన చేసి, "హనుమయ్యగారూ, ఇప్పుడెలా ఉంది?" అనడిగారు. మావయ్య ఆయన కళ్ళలోకి చూసి, మనస్ఫూర్తిగా జవాబు చెప్పాడు. ఆమెన్ అనాల్సిన చోటా అదే చెప్పాడు. జనం ఒక్కొక్కళ్ళే లేచారు. అపవిత్రాత్మ అని ఒకరు గొణిగారు. అత్తయ్యగారు చేసిన పెసర పునుగులు గిన్నెడు గిన్నెడూ మిగిలిపోయాయి. ఆ వారం నుంచి ఆదివారం ప్రార్థనలో ఆయన పేరు చేరింది. "హనుమయ్యగారి స్వస్థత కొరకు" అని ప్రతివారం చదువుతాం, ప్రతివారం ఆమెన్ అంటాం. వాళ్ళింటివైపు మాత్రం కూటం మళ్ళీ వెళ్ళలేదు.

ఫోన్ వచ్చిన వారమే, ఆదివారం ఆరాధనయ్యాక దీవెన సంగతి ఎత్తింది, మావయ్యకు ఇంట్లోనే సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వాలని. గుడి వెనక వెస్ట్రీ గదిలో అయ్యగారు, ఇద్దరు ముగ్గురు పెద్దలు, మేమూ ఉన్నాం. పెద్దల్లోకెల్లా పెద్ద శౌరయ్యగారు. పుట్టుక గుణదలలో, మేరీమాత కొండ కింద, క్యాథలిక్ ఇంట్లో. మా సంఘానికి పెళ్ళితో వచ్చారు. వచ్చినవాడికి ఉండే పట్టుదలతో మా నియమాలన్నీ మాకంటే గట్టిగా పట్టుకున్నారు. కూటాలకు బ్యాటరీ స్పీకరు, మైకు సంచిలో వేసుకుని మోసేది కూడా ఆయనే.

"అమ్మా, సంస్కారమంటే ఊరికే రొట్టెముక్క కాదు" అన్నారు శౌరయ్యగారు. "ముందు నోటితో పాపాల ఒప్పుకోలుండాలి. ఆమెన్ ఉండాలి. ఆయన నోట్లో ఉన్నదేమో ఒకే ఒక్క మాట. ఆ మాట మీద రొట్టె పెడతామా?"

"ఆయన కావాలని అనడం లేదండీ" అంది దీవెన.

"కావాలని అంటున్నాడని నేనన్నానా? పిల్లలొస్తారు, కొత్త విశ్వాసులొస్తారు. వాళ్ళేమనుకుంటారు? అయినా ప్రతివారం ప్రార్థిస్తూనే ఉన్నాంగా."

నేను ఉండబట్టలేక అన్నాను. "ఒక పక్షం పడిపోయిన మనిషండీ ఆయన. ఇంతకీ మనం ఏ పక్షం?"

"జయంత్‌గారూ, జోకులకిది సమయం కాదు."

"ఇది జోకు కాదండీ."

"మీరేం మాట్లాడినా జోకులాగే ఉంటుంది. అది మా తప్పా?"

మా అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. హనుమయ్యగారంటే ఆయనకు అప్పటిదాకా కాగితం మీద పేరే తప్ప మొహం తెలీదు. "ఆలోచిద్దాం, ప్రార్థనలో పెడదాం" అన్నారు. మా సంఘంలో ఏదైనా వద్దనుకుంటే దాన్ని ప్రార్థనలో పెడతాం.

కారులో దీవెన కిటికీలోంచి బయటికే చూస్తోంది.

"రెండు మాటలని ఊరుకున్నావేం?" అన్నాను.

"ఏమనను? ఆ రోజు వాళ్ళింట్లోంచి ముందు లేచొచ్చింది నేనే."

కుదరదన్న కబురు ఫోన్‌లో చెప్పడానికి మనసొప్పలేదు ఆవిడకి. రెండ్రోజులు పోయాక సాయంత్రం ఇద్దరం సింగ్‌నగర్ వెళ్ళాం. లోపలి సందులో చిన్న ఇల్లు. ముందు గది గోడ మీద నా మెడంత ఎత్తున బుడమేరు గీత ఇంకా అలాగే ఉంది. కిందంతా మట్టిరంగు, పైన పాత నీలం. ఆ వరదలో మావయ్యను తలుపుచెక్క మీద పడుకోబెట్టి పడవలోకి దించిన కుర్రాళ్ళను దారి పొడుగునా ఆయన ఆ ఒక్క మాటతోనే పలకరించాడట. వాళ్ళు నవ్వుకుంటూ, "తాతా, మీరు తిట్టకపోతే మాకు దారి తెలిసేది కాదు" అన్నారట.

మమ్మల్ని చూడగానే మంచం మీంచి, "నీయమ్మ!" అన్నాడు. ఎన్నాళ్ళకొచ్చారు అన్నట్టు సాగదీసి. నా వైపు తిరిగి మళ్ళీ అన్నాడు, ఈసారి కురచగా. షెడ్డు ఎలా నడుస్తోందని.

"బాగానే ఉంది మావయ్యా. కమాన్ కమాన్ అంటూ లారీలు వస్తున్నాయి, కమాను పట్టీలే దొరకడం లేదు."

సగం మొహంతో నవ్వాడు. ఇరవయ్యేళ్ళుగా వేస్తున్న ఈ జోకుకి ఇంత నిజాయితీగా నవ్వే మనిషి నాకింకొకరు లేరు.

అత్తయ్యగారు టీ ఇచ్చారు. మనిషి సగమైపోయింది. దీవెన గ్లాసు పట్టుకుని, అసలు విషయం ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తోంది. అంతలో ఆవిడే అన్నారు.

"అమ్మాయ్, కాసేపుంటారుగా? బాబాయి దగ్గర కూర్చోండి, ఇప్పుడే వస్తాను."

"పాలకా పిన్నీ? ఆయన తెస్తారులే."

"పాలకి కాదులేమ్మా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

టీ చల్లారిపోయింది. మావయ్యకు నా దగ్గరున్న జోకులన్నీ చెప్పేశాను. వీధి లైట్లు వెలిగాయి. ఫోన్ చేద్దామంటే ఆవిడ ఫోను అక్కడే, మంచం కింద ఉంది. దీవెన గుమ్మంలోకీ సందులోకీ తిరుగుతోంది. ఇక నేను వెతకడానికి లేవబోతుంటే అత్తయ్యగారు వచ్చారు. చేతిలో సంచీ లేదు, ఏమీ లేదు. మొహం చెమట పట్టి ఉంది.

"ఎక్కడికెళ్ళావు పిన్నీ? ఎంత కంగారుపడ్డామో తెలుసా?"

"ఎక్కడికీ లేదమ్మా. వంతెన దాకా నడిచాను. మళ్ళీ వెనక్కి నడిచాను." కొంగుతో మెడ తుడుచుకున్నారు. "ఊరికే. ఏ పనీ లేకుండా నడిచి మూడేళ్ళయింది. మందులకి పరుగెత్తడమే, మళ్ళీ పరుగెత్తుకు రావడమే. మిమ్మల్ని చూడగానే ఆశ పుట్టింది. తప్పుగా అనుకోకండి."

దీవెన చెప్పడానికి వచ్చిన కబురు చెప్పనేలేదు. పిన్ని వద్దంటున్నా గ్లాసులు కడిగింది. అత్తయ్యగారికి సాయంపట్టి మావయ్యను ఇటు పక్కకి తిప్పింది. వీపు మీద పుళ్ళు పడకుండా పూటకెన్నిసార్లు తిప్పాలో, దిండు ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది.

కారు బెంజి సర్కిల్ దాటాక నోరు విప్పింది. "శుక్రవారం కూటం పిన్ని వాళ్ళింట్లో."

"మన కూటమా? కొత్త ఫ్లాటు? బిర్యానీ ఆర్డరు?"

"వద్దని చెప్పండి. పిన్ని పునుగులేస్తుంది."

"పెద్దలు ఒప్పుకోవద్దూ?"

"మన కూటం మనిష్టం."

నిజమే. కూటం ఎవరి వంతైతే వాళ్ళదే మాట. ఎక్కడ పెట్టుకున్నా, ఎవరిని పిలుచుకున్నా పెద్దలు కాదనకూడదు. మా సంఘంలో ఇంతవరకూ ఆ హక్కుని ఫంక్షన్ హాలు కోసం వాడుకున్నారు గాని ఇలాంటి దానికి ఎవరూ వాడలేదు. శౌరయ్యగారికి ఫోన్ చేసి చెప్తే, "మీ కూటం, మీ ఇష్టం. మైకు తెస్తాను" అన్నారు. అయ్యగారికి చేస్తే, "వస్తానండీ" అన్నారు. సంస్కారం మాట దీవెన అడిగింది. "ముందు వెళ్దామండీ" అన్నారు. అది అవునో కాదో మా ఇద్దరికీ అర్థం కాలేదు. "సంస్కారం లేకుండా కూటం ఒక్కటే పెడితే బాబాయి మళ్ళీ చెయ్యి చాపుతాడండీ. అంతమంది ముందు ఖాళీ చెయ్యి" అంది దీవెన. ఆ వారమంతా ఆవిడకు అదే బెంగ.

శుక్రవారం వచ్చింది. మా ఫ్లాటుకైతే వందమంది వచ్చేవాళ్ళు. అక్కడికి నలభైమంది కూడా రాలేదు. వచ్చినవాళ్ళకే ఇల్లు చాల్లేదు. సగంమంది సందులో కుర్చీలేసుకున్నారు. శౌరయ్యగారు స్పీకరు తీసుకెళ్ళి సందులోకి తిప్పి గుమ్మానికి తగిలించారు. చుట్టుపక్కల అరుగుల మీద ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరారు. మావయ్యకు తెల్ల చొక్కా తొడిగి, దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టారు అత్తయ్యగారు. ఆయన ఎవరొచ్చినా నోరు తెరవబోయి మూసేసుకుంటున్నాడు. పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. నేను జోకు వేసినా తెరవలేదు. ఏం ముంచుకొస్తుందో అందరికంటే ఆయనకే ఎక్కువ భయంగా ఉంది.

పాటయింది, వాక్యమయింది. సాక్ష్యాల వేళ అయింది. శౌరయ్యగారు మైకు మొదటాయనకు అందించారు. కూతురికి హైదరాబాదులో ఉద్యోగమొచ్చిన సంగతి ఆయన నెలరోజులుగా ప్రతి కూటంలోనూ చెప్తున్నాడు. లేచి నిలబడి, "మా అమ్మాయికి..." అని మంచం వైపు చూసి ఆగిపోయాడు. "దేవునికి స్తోత్రం" అని మైకు పక్కావిడకిచ్చి కూర్చున్నాడు. ఆవిడ కూడా "స్తోత్రం" అని పక్కకిచ్చింది. మైకు దీవెన దగ్గరికొచ్చింది. కర్టెన్లు, సోఫా, కొండ, ఏ ఒక్కటీ బయటికి రాలేదు. ఆవిడ స్తోత్రం కూడా సరిగా వినపడలేదు. మా సంఘం చరిత్రలో సాక్ష్యాలు అంత తొందరగా ఎప్పుడూ కాలేదు.

ఇలా చేతులు మారుతున్న మైకుకి ఒక అలవాటుంది. పట్టుకున్నవాళ్ళు పక్కవాళ్ళకి ఇచ్చేస్తారు, పక్కనెవరున్నారో చూడరు. మంచాన్ని ఆనుకుని కూర్చున్నది ఎనభయ్యేళ్ళ గ్రేసమ్మగారు. కంటిచూపు మందం. స్తోత్రం చెప్పి, చేతికి తగిలిన చేతిలో మైకు పెట్టేసింది. అది మావయ్య ఎడంచెయ్యి.

ఆయన మైకు వైపు చూశాడు. పెదాలు వదులయ్యాయి.

"నీయమ్మ" అని సందంతా మోగింది.

ఎవరో పిల్లాడు కిసుక్కున నవ్వాడు, వీపు మీద దెబ్బ వినపడింది. అత్తయ్యగారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. "తీసుకోండి బాబూ, ఆ మైకు తీసేసుకోండి" అంటున్నారు వేళ్ళ సందుల్లోంచి. శౌరయ్యగారు లేచారు. కానీ ఆ పట్టు ఎలాంటిదో నాకు తెలుసు, నా పెళ్ళి రోజు చూశాను. ఎవరి వల్లా కాదు.

మావయ్య మళ్ళీ అన్నాడు. ఈసారి తన గొంతు బయట స్పీకరులో విని, మెల్లగా. ఆ తర్వాత ఇక ఆగలేదు. అదే మాట, అదే మాట. ఒకసారి గొంతు పైకెళ్ళింది, ఒకసారి దిగింది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు, గుర్తుతెచ్చుకున్నాడు, అందుకున్నాడు. మైకుతోనే గోడ మీద నీటిగీత చూపించాడు. దీవెనను చూపించాడు. మైకును అత్తయ్యగారి వైపు చాపి, ఆ ఒక్క మాటే ఎంతసేపన్నాడో. చివర్లో కప్పు వైపు చూసి అన్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఏం చెప్పాడో నేను తెలుగులో పెట్టలేను. అప్పటికే అది తెలుగులోనే ఉంది. అరుగుల మీద ఆడవాళ్ళు కూడా కొంగులు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మైకు ఒళ్ళోకి దించి, అందరి మొహాలూ ఒక్కసారి చూశాడు.

మా అయ్యగారు కుర్చీలోంచి లేచారు. అప్పటిదాకా ఆయన నించునే ప్రార్థన చేయడం చూశాం. వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. మంచం పొట్టిదే అయినా, మావయ్య కంటే కిందికి వచ్చారు.

"చెప్పండి హనుమయ్యగారూ. ఇంకా ఉందా?"

మావయ్య ఆలోచించాడు. మైకు లేకుండా, ఆయనొక్కడికే వినపడేలా మరొక్కసారి అన్నాడు.

"ఆమెన్" అన్నారు అయ్యగారు.

ఒకరిద్దరం ఆమెన్ అన్నాం. గ్రేసమ్మగారు అందరికంటే గట్టిగా అంది. అయ్యగారు అత్తయ్యగారి వైపు తిరిగి, "అమ్మా, కాసిని నీళ్ళిస్తారా? చేతులు కడుక్కుంటాను" అన్నారు. అప్పుడు చూశాను. ఆయన సంచీలోంచి తెల్లగుడ్డలో చుట్టిన చిన్న పళ్ళెం, గిన్నె బయటికొస్తున్నాయి.

ఒప్పుకోలు అందరం కలిసి చదివాం. మావయ్య నోరు మూసుకునే ఉన్నాడు, కళ్ళు మాత్రం అయ్యగారి పెదాల మీదే. అయ్యగారు రొట్టె విరిచాక ఎడంచెయ్యి చాపాడు.

"మింగుడు పడదు అయ్యగారూ, తడిపి పెట్టండి" అన్నారు అత్తయ్యగారు. "ఎడం దవడలో పెట్టండి. అటుపక్క తెలీదు ఆయనకి."

అయ్యగారు రొట్టె ఆ చేతిలో పెట్టి, కాసేపు అలాగే ఉంచి, తీసి ద్రాక్షరసంలో తడిపి, ఎడం దవడలో పెట్టారు. శౌరయ్యగారు గుమ్మం దగ్గరికెళ్ళి స్పీకరు ఆపేశారు. ఆ తర్వాత తలుపు పక్కన ఉన్న గిన్నెలోంచి పునుగులు ఆయనే పేపరు ప్లేట్లలో పెట్టి సందులోవాళ్ళకి అందించారు. నాకు రెండే వచ్చాయి. ఇంకో రెండు అడిగితే అయిపోయాయన్నారు.

ఇంటికెళ్ళాక దీవెన బాల్కనీలో కూర్చుంది. "ఆదివారం మీరు బాబాయి దగ్గర కూర్చోండి. పిన్ని గుడికొస్తుంది" అంది.

"మట్టల ఆదివారం నేను గుళ్ళో లేకపోతే ఎలా?"

"పాటలు శ్రుతిలో ఉంటాయి."

మూడేళ్ళు మావయ్య కోసం ప్రార్థించాం. అత్తయ్యగారి బదులు అక్కడ కూర్చోవాలన్నది మా సంఘంలో ఎవరికీ తట్టలేదు, కూటాల్లో ఏ ఫలహారం పెట్టాలో బాగా తట్టింది గాని. మట్టల ఆదివారం నేను కూర్చున్నాను. గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీది ఏడు మాటల ఆరాధన మూడు గంటలుంటుంది. ఆ మూడు గంటలూ శౌరయ్యగారు తనంతట తనే వెళ్ళి మావయ్య దగ్గర కూర్చున్నారు. ఎలా గడిచిందని అడిగితే, "బాగా మాట్లాడుకున్నాం" అన్నారు. జోకు వేశారా అని మొహంలోకి చూశాను. వెయ్యలేదు.

ఈస్టర్ మళ్ళీ నాదే. తెల్లవారుజాము ఆరాధనకి అత్తయ్యగారిని దీవెన వచ్చి తీసుకెళ్ళింది. జరీ అంచు తెల్లచీర, తల్లో మల్లెపూలు. గుమ్మం దాటేముందు అత్తయ్యగారు రెండుసార్లు వెనక్కొచ్చి మందు చూపించారు, దిండు చూపించారు. నేను మావయ్యకు గెడ్డం గీశాను. ఆయన అద్దం అడిగాడు, అద్దంలో చూసుకుని తనను తాను తిట్టుకున్నాడు, ఇద్దరం నవ్వుకున్నాం. పక్కకి తిప్పాను. ఇడ్లీ చిదిపి ఎడం పక్కన పెట్టాను. ఎండ గుమ్మంలోకి వచ్చింది.

అత్తయ్యగారు వచ్చేసరికి ఆయన మేలుకునే ఉన్నాడు. ఆవిడ చీర మార్చుకోలేదు, నా వైపు చూడనైనా లేదు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"ఏమయ్యోయ్, గుడి నిండిపోయింది తెలుసా? బయట షామియానా కూడా వేశారు."

"నీయమ్మ."

"నిజం. గ్రేసమ్మ కొత్త చీర కట్టింది, ఎరుపు. ఈ వయసులో ఎరుపేమిటంటే, వాళ్ళ మనవరాలు కొన్నదట."

"నీయమ్మా..."

"అదే నేనూ అన్నాను. ఇంకా విను, క్వయర్‌లో ఆ పొడుగుపిల్ల లేదూ, మనింటికి వచ్చిందే, ఆ పిల్ల ఈసారి ఒక్కతే పాడింది. నీకు నచ్చేది. మధ్యలో ఒకచోట గొంతు తప్పింది కూడానూ."

"నీయమ్మ?"

"ఆ, నవ్వలేదు ఎవరూ. నేనే కొంచెం నవ్వాను."

మూడేళ్ళుగా ఆ ఇంట్లోకి కబుర్లు బయటివాళ్ళే మోసుకొచ్చారు. ఆవిడ బయటికెళ్ళి తన మొగుడికి తనే కబురు తెచ్చుకోవడం ఆ వారమే మొదలు. నేను చెప్పులేసుకున్నాను. వస్తానని చెప్దామనుకుని, మధ్యలో దూరడం బాగుండదని నా వాల్యూమ్ నా దగ్గరే ఉంచుకుని బయటికి వచ్చేశాను. సందు మలుపు తిరిగేదాకా వాళ్ళ మాటలు వినపడుతూనే ఉన్నాయి.